ఇంగ్లిష్ సందేహాలు: ‘మోర్ బిగ్గర్’ ఎందుకు తప్పు?

ఈ నెల మన జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి: ఒకదాన్ని ఇంకొకదానితో పోల్చేటప్పుడు ఇంగ్లిష్ విశేషణం ఎలా మారుతుంది? బడి పుస్తకాల్లో ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ అనే పాఠం ఇదే. అందుకే ఈసారి శీర్షిక అంతా దీనికే కేటాయించాం. ఇంగ్లిష్ మాటల్ని తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. స్పెల్లింగు ముఖ్యమైన చోట అక్షరాలు విడివిడిగా రాశాం.

ప్రశ్న: ‘టాలర్’ అంటాం గానీ ‘బ్యూటిఫులర్’ అనం. ఎక్కడ చివర ఇ-ఆర్ చేర్చాలో, ఎక్కడ ముందు ‘మోర్’ పెట్టాలో తెలుసుకోడానికి నమ్మదగిన పద్ధతి ఏదైనా ఉందా? ప్రతి మాటా బట్టీ పట్టవలసిందేనా?
— డిగ్రీ విద్యార్థిని, ఆమదాలవలస

జవాబు: బట్టీ అక్కర్లేదు. మాటలో ఎన్ని అచ్చులు పలుకుతున్నాయో లెక్కపెట్టండి, చాలావరకు అక్కడే తేలిపోతుంది. రాతలో కనిపించే అచ్చులు కాదు, నోట పలికేవి. ‘నైస్’ స్పెల్లింగులో ఐ, ఇ రెండూ ఉన్నా పలికే అచ్చు ఒకటే. ‘చీప్’లోనూ అంతే.

ఈ లెక్కలో తెలుగువాళ్ళకి ఒక చిక్కు వస్తుంది. హల్లు మీద మాట ఆపడం మన నాలుకకి అంతగా అలవాటు లేదు. ‘స్ట్రాంగు’, ‘కోల్డు’, ‘ఫాస్టు’ అని చివర ఉకారం చేర్చి పలుకుతాం. ఆ ఉకారాన్ని కూడా కలిపి లెక్కపెడితే ఒక అచ్చు మాట రెండు అచ్చుల మాట అయిపోతుంది, ‘మోర్ స్ట్రాంగ్’ అని రాసేస్తాం. ముందు ఆ ఉకారం తీసెయ్యండి, తర్వాత లెక్కపెట్టండి.

ఒకే అచ్చు ఉంటే ఇ-ఆర్, ఇ-ఎస్-టి: టాల్, టాలర్, టాలెస్ట్, చీప్, చీపర్, చీపెస్ట్. దీనికి లోబడని మాటలు కొన్నే. ‘టైర్డ్’, ‘బోర్డ్’ లాంటివి క్రియల నుంచి పుట్టి ఇ-డి తో ముగుస్తాయి కాబట్టి ‘మోర్ టైర్డ్’, ‘మోర్ బోర్డ్’ అనాలి. ‘రాంగ్’, ‘ఫన్’ కూడా ‘మోర్’నే తీసుకుంటాయి.

మూడు, అంతకు మించి అచ్చులుంటే మోర్, మోస్ట్: మోర్ బ్యూటిఫుల్, మోస్ట్ ఎక్స్‌పెన్సివ్. ‘అన్‌హ్యాపీ’, ‘అన్‌టైడీ’ల్లో మూడేసి అచ్చులున్నా ‘అన్‌హ్యాపియర్’, ‘అన్‌టైడియర్’ అనే అంటారు. ముందు చేరిన ‘అన్’ని పక్కన పెడితే మిగిలేవి రెండు అచ్చుల మాటలే కదా!

అసలు తంటా అంతా రెండు అచ్చుల మాటలతోనే. వీటికి మాట చివర చూడాలి. వై తో ముగిస్తే తప్పకుండా ఇ-ఆర్ చేర్చాలి: ఈజియర్, బిజియర్, హెవియర్. ‘మోర్ ఈజీ’ అని ఎవరైనా రాస్తే అది తప్పుగానే లెక్క. ‘సింపుల్’, ‘న్యారో’, ‘క్లెవర్’ లాంటివి కూడా మామూలుగా సింప్లర్, న్యారోవర్, క్లెవరర్ అవుతాయి. ‘ఫుల్’, ‘లెస్’, ‘ఇంగ్’, ‘అస్’ అనే చివరలున్నవి మాత్రం ఎప్పుడూ ‘మోర్’తోనే: మోర్ కేర్‌ఫుల్, మోర్ యూజ్‌లెస్, మోర్ బోరింగ్, మోర్ ఫేమస్. ‘పొలైట్’, ‘కామన్’, ‘ప్లెజెంట్’, ‘హ్యాండ్‌సమ్’ వంటివి రెండు రకాలుగానూ వాడుకలో ఉన్నాయి. రాస్తున్నప్పుడు అనుమానం వస్తే, వై తో ముగియని రెండు అచ్చుల మాటకి ‘మోర్’ పెట్టెయ్యండి. తప్పు పట్టే అవకాశం తక్కువ.

బట్టీ పట్టవలసినవి ఓ అరడజను ఉన్నాయి. గుడ్, బెటర్, బెస్ట్. బ్యాడ్, వర్స్, వర్స్ట్. లిటిల్, లెస్, లీస్ట్. మచ్ గానీ మెనీ గానీ, మోర్, మోస్ట్. ఫార్, ఫార్దర్ లేదా ఫర్దర్, చివర ఫార్దెస్ట్ లేదా ఫర్దెస్ట్. దూరం చెప్పేటప్పుడు ఫార్దర్, ఫర్దర్ రెండూ చెల్లుతాయి. ‘ఇంకా, అదనంగా’ అనే అర్థానికి ‘ఫర్దర్’ ఒక్కటే: ‘ఫర్దర్ డీటెయిల్స్’ సరైనది, ‘ఫార్దర్ డీటెయిల్స్’ తప్పు.

ప్రశ్న: మాది జీడిపప్పు వ్యాపారం. బయట రాష్ట్రాల కొనుగోలుదార్లకి ఇంగ్లిష్‌లో మెసేజ్‌లు పెడుతుంటాను. ‘డబ్ల్యూ 240 ఈజ్ మోర్ బిగ్గర్ దేన్ డబ్ల్యూ 320’ అని పెడితే మా అమ్మాయి చూసి తప్పంది. కాస్త గట్టిగా చెప్పాలనే ‘మోర్’ పెట్టాను. అందులో తప్పేముంది?
— ఒక వ్యాపారి, పలాస

జవాబు: అమ్మాయి చెప్పింది నిజం. ‘బిగ్గర్’లోని ఇ-ఆర్ చేసే పని, ‘మోర్’ చేసే పని ఒకటే. రెండిట్లో ఒకటి ఉంటే చాలు. ‘మోర్ బెటర్’, ‘మోర్ చీపర్’, ‘మోస్ట్ చీపెస్ట్’ అన్నీ ఇదే తప్పు.

ఇది ఎందుకు దొర్లుతుందంటే, తెలుగులో పోల్చేటప్పుడు విశేషణం ఏమీ మారదు. ‘ఇది పెద్దది’, ‘ఇది దానికంటే పెద్దది’, ‘ఇది అన్నిటికంటే పెద్దది’: మూడు చోట్లా ‘పెద్దది’ అలాగే ఉంది, పోలిక భారమంతా ‘కంటే’ మోసింది. ఇంగ్లిష్‌లో విశేషణమూ మారాలి, ‘దేన్’ కూడా రావాలి. ఈ అలవాటు లేకపోవడం వల్ల కొందరు ‘బిగ్ దేన్’ అని విశేషణాన్ని మార్చకుండా వదిలేస్తారు. ఇంకొందరు అనుమానం కొద్దీ రెండు గుర్తులూ తగిలిస్తారు.

గట్టిగా చెప్పాలంటే ‘మచ్’ వాడండి: ‘డబ్ల్యూ 180 ఈజ్ మచ్ బిగ్గర్ దేన్ డబ్ల్యూ 320’. మూడు గ్రేడ్లూ కలిపి చెప్పాలంటే ‘డబ్ల్యూ 180 ఈజ్ ది లార్జెస్ట్ ఆఫ్ ది త్రీ’.

మీ సరుకుతోనే ఇంకో సంగతి చెప్పాలి. గ్రేడు అంకె పౌనుకి ఎన్ని గుడ్డు (విరగని) పప్పులు తూగుతాయో చెబుతుంది కాబట్టి అంకె పెరిగే కొద్దీ పప్పు చిన్నదవుతుంది. దాన్ని కొత్త కొనుగోలుదారుకి వివరించబోయి ‘డబ్ల్యూ 180 హ్యాజ్ లెస్ కెర్నల్స్ పర్ పౌండ్’ అని రాస్తారు. లెక్కపెట్టగలిగిన వాటికి ‘ఫ్యూయర్’ రావాలి: ‘ఫ్యూయర్ కెర్నల్స్ పర్ పౌండ్’. లెక్కకి అందని వాటికి ‘లెస్’: పప్పులో తేమ తక్కువంటే ‘లెస్ మాయిశ్చర్’. ఎక్కువ అని చెప్పడానికి మాత్రం ఈ బెడద లేదు, రెండిటికీ ‘మోర్’ సరిపోతుంది.

ధర నిరుటికి రెట్టింపయిందని రాయాల్సి వచ్చినప్పుడు ‘డబుల్ దేన్ లాస్ట్ ఇయర్’ అనకండి. ‘ట్వైస్ యాజ్ హై యాజ్ లాస్ట్ ఇయర్’ అనాలి. మూడింతలైతే ‘త్రీ టైమ్స్ యాజ్ హై యాజ్’. రెట్లు చెప్పేటప్పుడు ‘యాజ్... యాజ్’ వాడితే ఎక్కడా గందరగోళం ఉండదు. ఇంకొకటి, ‘దేన్’ స్పెల్లింగు టి-హెచ్-ఎ-ఎన్. మధ్యలో ఇ పెడితే ‘అప్పుడు’ అనే వేరే మాట అవుతుంది. ఫోన్‌లో టైపు చేసేటప్పుడు ఇది చాలామందికి తారుమారవుతుంది.

ప్రశ్న: మా గుంటడు ఆరో తరగతి. ‘బిగ్గర్’లో రెండు జి లు రాశాడు, టీచర్ రైటు పెట్టారు. ‘చీపర్’లో రెండు పి లు రాస్తే కొట్టేశారు. వాడికి ఏం చెప్పాలో తోచలేదు.
— ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: మాట చివరి మూడు అక్షరాలు చూడమనండి. ఇక్కడ లెక్క రాతలో కనిపించే అక్షరాలది, నోట పలికేవాటిది కాదు. హల్లు, ఒక్క అచ్చు, ఒక్క హల్లు, ఈ వరస ఉంటే చివరి హల్లు రెండవుతుంది. బి-ఐ-జి అలాగే ఉంది కాబట్టి బి-ఐ-జి-జి-ఇ-ఆర్. హాట్, థిన్, ఫ్యాట్, వెట్, స్యాడ్, రెడ్ ఇవన్నీ ఇంతే. ‘చీప్’లో చివరి పి కి ముందు ఇ, ఎ అని రెండు అచ్చులున్నాయి, అందుకని పి ఒకటే. ‘లాంగ్’లో చివర ఎన్, జి రెండు హల్లులున్నాయి, అక్కడా రెట్టింపు లేదు.

డబ్ల్యూ, ఎక్స్, వై ఎప్పుడూ రెట్టింపు కావు. ‘స్లో’ అయితే ఎస్-ఎల్-ఓ-డబ్ల్యూ-ఇ-ఆర్, అంతే.

చివర ఇ ఉన్న మాటకి ఇంకో ఇ అక్కర్లేదు. లార్జ్, వైడ్, ఫైన్ లాంటి వాటికి ఆర్ ఒకటి, లేదా ఎస్-టి చేర్చితే సరి. వై కి ముందు హల్లుంటే వై పోయి ఐ వస్తుంది: ఇ-ఎ-ఎస్-ఐ-ఇ-ఆర్, డి-ఆర్-ఐ-ఇ-ఆర్. వై కి ముందు అచ్చుంటే అది కదలదు: జి-ఆర్-ఇ-వై-ఇ-ఆర్. ఈ మార్పుల్ని పట్టికలా వల్లె వేయించడం కంటే రోజూ నాలుగు మాటలు రాయించి, ప్రతి మాటకీ చివరి మూడక్షరాల కింద గీత గీయిస్తే పిల్లలకి బాగా పట్టుబడుతుంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకి చదువుతున్నాను. వాక్యాన్ని ఒక డిగ్రీ నుంచి ఇంకో డిగ్రీకి మార్చమంటే ‘నో అదర్’, ‘వెరీ ఫ్యూ’, ‘ఎనీ అదర్’ కలగాపులగం అయిపోతున్నాయి. గైడు సూత్రాలు గుర్తుండడం లేదు.
— విజయనగరం

జవాబు: ఏ సూత్రం వాడాలో అర్థమే చెబుతుంది. మొదట ఒక్క ప్రశ్న వేసుకోండి: వాక్యంలో ఉన్నది మొదటి స్థానంలో ఒక్కటేనా, లేక ముందు వరసలో ఉన్న కొన్నిట్లో ఒకటా?

ఒక్కటే అయితే ఇలా. ‘ది గోదావరి ఈజ్ ది లాంగెస్ట్ రివర్ ఇన్ సౌత్ ఇండియా.’ దీన్ని కంపారిటివ్‌లోకి, అంటే ఇ-ఆర్ రూపంలోకి మారిస్తే ‘ది గోదావరి ఈజ్ లాంగర్ దేన్ ఎనీ అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా’. పాజిటివ్‌లోకి, అంటే మారని విశేషణంతో అయితే ‘నో అదర్ రివర్ ఇన్ సౌత్ ఇండియా ఈజ్ యాజ్ లాంగ్ యాజ్ ది గోదావరి’.

ఇక్కడ ‘అదర్’ వదిలేస్తే మార్కు పోతుంది. గోదావరి కూడా దక్షిణాది నదే కాబట్టి, ‘అదర్’ లేకపోతే అది తనకంటే తానే పొడవని చెప్పినట్టవుతుంది. పోల్చే గుంపు వేరైతే మాత్రం ‘అదర్’ రాకూడదు: ‘ది గోదావరి ఈజ్ లాంగర్ దేన్ ఎనీ రివర్ ఇన్ శ్రీలంక’. గోదావరి శ్రీలంకలో లేదు కదా. తప్పు గుర్తించమనే ప్రశ్నల్లో ఈ రెంటినీ అటూ ఇటూ మార్చి ఇవ్వడం మామూలే. ‘ఎనీ అదర్’ తర్వాత నామవాచకం ఏకవచనం, ‘ఆల్ అదర్’ తర్వాత బహువచనం అన్నది కూడా చూసుకోండి.

ముందు వరసలోని వాటిలో ఒకటైతే: ‘విశాఖపట్నం ఈజ్ వన్ ఆఫ్ ది బిజియెస్ట్ పోర్ట్స్ ఇన్ ఇండియా.’ కంపారిటివ్‌లో ‘విశాఖపట్నం ఈజ్ బిజియర్ దేన్ మోస్ట్ అదర్ పోర్ట్స్ ఇన్ ఇండియా’. పాజిటివ్‌లో ‘వెరీ ఫ్యూ పోర్ట్స్ ఇన్ ఇండియా ఆర్ యాజ్ బిజీ యాజ్ విశాఖపట్నం’. ‘నో అదర్’ తర్వాత ‘ఈజ్’, ‘వెరీ ఫ్యూ’ తర్వాత ‘ఆర్’ వచ్చాయని గమనించండి.

ఈ రెండు మూసల్లోనూ ఇమడని వాక్యాలుంటాయి. గోదావరి దేశం మొత్తంలో రెండో పొడవైన నది. ‘ది సెకండ్ లాంగెస్ట్ రివర్ ఇన్ ఇండియా’ అన్న వాక్యాన్ని ‘నో అదర్’తో మారిస్తే గంగ అడ్డొస్తుంది, వాక్యం అబద్ధమవుతుంది.

ఇద్దరి మధ్య పోలిక తేలిక. ‘రవి ఈజ్ టాలర్ దేన్ కిరణ్’ అంటే ‘కిరణ్ ఈజ్ నాట్ యాజ్ టాల్ యాజ్ రవి’. ‘నాట్’ ఉన్నప్పుడు మొదటి ‘యాజ్’ బదులు ‘సో’ కూడా చెల్లుతుంది. మరి ‘రవి ఈజ్ నాట్ టాలర్ దేన్ కిరణ్’ అని ఇస్తే? తొందరపడి ‘కిరణ్ ఈజ్ టాలర్ దేన్ రవి’ అని రాయకండి. ఇద్దరూ సమానం కావచ్చు కూడా. సరైన జవాబు ‘కిరణ్ ఈజ్ యాట్ లీస్ట్ యాజ్ టాల్ యాజ్ రవి’. సమాధానాల్లో ‘యాట్ లీస్ట్’ ఉన్నది కనిపిస్తే దాన్ని దాటి వెళ్ళిపోవద్దు.

‘యాజ్... యాజ్’ మధ్య ఎప్పుడూ మారని విశేషణమే ఉండాలి. వంశధార, నాగావళి రెండూ 250 కిలోమీటర్ల పైచిలుకు నదులు. కాబట్టి ‘ది వంశధార ఈజ్ ఆల్మోస్ట్ యాజ్ లాంగ్ యాజ్ ది నాగావళి’. ‘యాజ్ లాంగర్ యాజ్’ అన్నది లేనే లేదు.

ప్రశ్న: మా దుకాణం బోర్డు మీద ‘వన్ ఆఫ్ ది ఫైనెస్ట్ వీణ ఇన్ ఇండియా’ అని రాయించాం. సరేనా?
— బొబ్బిలి

జవాబు: ‘వీణాస్’ అని బహువచనం చెయ్యండి. ‘వన్ ఆఫ్ ది’ అంటే చాలావాటిలో ఒకటి, ఆ చాలావి తర్వాత మాటలో కనబడాలి. తర్వాత వచ్చే క్రియ మాత్రం ఆ ఒకదానికే చెందుతుంది: ‘వన్ ఆఫ్ ది ఫైనెస్ట్ వీణాస్ ఈజ్ మేడ్ హియర్’. తెలుగులో ‘మంచి వీణల్లో ఒకటి’ అని బహువచనం ముందే వచ్చేస్తుంది కాబట్టి మనకిది కష్టం కాకూడదు. అయినా బోర్డుల మీద, దరఖాస్తుల్లో ఇంతగా కనిపించే తప్పు మరొకటి లేదు.

ప్రశ్న: ‘మై బ్రదర్ ఈజ్ ఎల్డర్ దేన్ మీ’ అని చిన్నప్పట్నుంచీ అంటున్నాం. ఇంటర్వ్యూలో ‘ఓల్డర్’ అనాలని సరిదిద్దారు. తేడా ఏమిటి?
— చీపురుపల్లి

జవాబు: ‘ఎల్డర్’ పక్కన ‘దేన్’ నిలవదు. అది నామవాచకానికి ముందే వస్తుంది, అదీ కుటుంబంలో వాళ్ళకి: ‘మై ఎల్డర్ బ్రదర్’ అంటే అన్నయ్య, ‘మై ఎల్డర్ సిస్టర్’ అంటే అక్క. అందరికంటే పెద్దవాడు ‘ది ఎల్డెస్ట్’. వయసు పోల్చాలంటే ‘మై బ్రదర్ ఈజ్ టూ ఇయర్స్ ఓల్డర్ దేన్ మీ’ అనాలి. ఎన్నేళ్ళు పెద్దో చెప్పే అంకె ‘ఓల్డర్’కి ముందే రావాలి.

మనుషులు కానివాటికి ‘ఎల్డర్’ అసలు లేదు. శ్రీకాకుళం జిల్లా 1950లోనూ విజయనగరం జిల్లా 1979లోనూ ఏర్పడ్డాయి. ‘శ్రీకాకుళం డిస్ట్రిక్ట్ ఈజ్ ఓల్డర్ దేన్ విజయనగరం డిస్ట్రిక్ట్’ అనాలి.

చరిత్ర చూస్తే ‘ఎల్డర్’ పాత రూపం, ‘ఓల్డర్’ తర్వాత వచ్చింది. కొత్తది వాడుకంతా ఆక్రమించుకోగా పాతది కుటుంబ బంధుత్వానికి, పెద్దరికానికి పరిమితమై మిగిలింది. ‘ది ఎల్డర్స్’ అంటే పెద్దలు అనే వాడుక అందుకే ఇంకా ఉంది.

‘దేన్ మీ’నా, ‘దేన్ ఐ’నా అని కూడా అడిగారు. మాట్లాడేటప్పుడు ‘దేన్ మీ’ అనవచ్చు. పరీక్షలో అయితే ‘దేన్ ఐ యామ్’ అని క్రియ కూడా రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

ప్రశ్న: పొందూరు ఖాదీ గురించి ఇంగ్లిష్‌లో కరపత్రం రాస్తున్నాం. ‘అవర్ యార్న్ ఈజ్ వెరీ ఫైనర్ దేన్ మిల్ క్లాత్’ అనే వాక్యాన్ని ఒకరు బాగాలేదన్నారు. ఎలా మార్చాలి?
— పొందూరు

జవాబు: ఆ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి.

మొదటిది ‘వెరీ’. ‘చాలా సన్నం’, ‘దానికంటే చాలా సన్నం’ అని తెలుగులో ఒకే ‘చాలా’ రెండు చోట్లా సరిపోతుంది. ఇంగ్లిష్‌లో మారని విశేషణానికి ‘వెరీ’, ఇ-ఆర్ రూపానికి ‘మచ్’: వెరీ ఫైన్, మచ్ ఫైనర్. ‘మచ్’ బదులు ‘ఫార్’, ‘ఎ లాట్’ వాడొచ్చు. తేడా కొంచెమే అయితే ‘ఎ లిటిల్’, ‘స్లైట్లీ’. ‘అదే సన్నం, ఇది ఇంకా సన్నం’ అనాలంటే ‘ఈవెన్ ఫైనర్’. ఇ-ఎస్-టి రూపాన్ని బలపరచాలంటే ‘బై ఫార్ ది ఫైనెస్ట్’. ఈ మాటలన్నీ ‘మోర్’కి ముందు కూడా పనిచేస్తాయి: మచ్ మోర్ డ్యూరబుల్.

రెండో తప్పు దొరకడం కష్టం. మీరు పోల్చినవి నూలు, గుడ్డ. నూలుని నూలుతో పోల్చాలి. ‘అవర్ యార్న్ ఈజ్ మచ్ ఫైనర్ దేన్ దట్ ఆఫ్ మిల్ క్లాత్’ అని రాయండి. ‘దట్ ఆఫ్’ అంటే ఇక్కడ ‘మిల్లు గుడ్డలోని నూలు’. బహువచనమైతే ‘దోజ్ ఆఫ్’. ‘ది కోస్ట్‌లైన్ ఆఫ్ శ్రీకాకుళం ఈజ్ లాంగర్ దేన్ విజయనగరం’ అని రాసినా ఇదే తప్పు, తీరాన్ని ఊరితో పోల్చినట్టు. ‘దేన్ దట్ ఆఫ్ విజయనగరం’ అనాలి.

పత్తిని వాలుగ చేప దవడతో ఏకే మీ పద్ధతి గురించి కరపత్రంలో తప్పకుండా రాయండి. అక్కడ పోలిక మాటలు కుప్పపోయకండి. ‘ఫైనెస్ట్, సాఫ్టెస్ట్, బెస్ట్’ అని మూడు వరసగా పెట్టినదానికంటే, చేసే పని ఉన్నదున్నట్టు చెప్పిన ఒక్క వాక్యమే చదివేవాళ్ళని ఎక్కువ ఒప్పిస్తుంది.

ప్రశ్న: ‘అందరిలో పొడుగు’ అంటే ‘ది టాలెస్ట్ ఇన్ ఆల్’ అన్నాను, కాదన్నారు. ‘లో’ అంటే ‘ఇన్’ కాదా? అలాగే ఇ-ఎస్-టి మాటకి ముందు ‘ది’ ప్రతిసారీ ఉండాలా?
— ఇంటర్ విద్యార్థి, రాజాం

జవాబు: చోటుకీ, ఒక్కటిగా లెక్కపెట్టే గుంపుకీ ‘ఇన్’: ‘ది టాలెస్ట్ బాయ్ ఇన్ ది క్లాస్’, ‘ది బిగ్గెస్ట్ ఫెస్టివల్ ఇన్ విజయనగరం’. విడివిడిగా లెక్కపెట్టగలిగిన వాటికీ, కాలానికీ ‘ఆఫ్’: ‘ది టాలెస్ట్ ఆఫ్ ఆల్’, ‘ది టాలెస్ట్ ఆఫ్ ది ఫైవ్ బ్రదర్స్’, ‘ది హాటెస్ట్ మంత్ ఆఫ్ ది ఇయర్’. తెలుగు ‘లో’ రెండు పనులూ చేస్తుంది, అందుకే ‘ఇన్ ఆల్’, ‘ఇన్ అస్’ అని నోట్లోంచి వచ్చేస్తాయి.

‘ది’ సాధారణంగా ఉండాలి. ‘మై’, ‘హర్’, ‘రాముస్’ లాంటి స్వాధీనపు మాట ముందుంటే అక్కర్లేదు: మై బెస్ట్ ఫ్రెండ్. ‘మోస్ట్ పీపుల్’ అంటే ‘చాలామంది’ అని అర్థం, అక్కడా ‘ది’ రాదు. ఒకే వస్తువుని దానితోనే వేర్వేరు చోట్ల, వేళల్లో పోల్చినప్పుడు కూడా రాదు: ‘ది రివర్ ఈజ్ డీపెస్ట్ నియర్ ది బ్రిడ్జ్’.

దీనికి తిరగబడిన సంగతి ఒకటి ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు ఇ-ఆర్ రూపానికి ‘ది’ వస్తుంది: ‘షీ ఈజ్ ది టాలర్ ఆఫ్ ది టూ’. ఇద్దరి మధ్య ‘టాలెస్ట్’ అంటే మాటల్లో చెల్లుబాటవుతుంది గానీ పరీక్షలో కాదు.

ప్రశ్న: ‘వర్స్’, ‘వర్స్ట్’ పలకడంలో తేడా చెప్పండి. ‘లాంగర్’లో గ పలకాలా?
— సోంపేట

జవాబు: ‘వర్స్’ స కారంతో ఆగిపోతుంది, ‘వర్స్ట్’లో చివర ట వినబడాలి. మన మాటల్లో ‘వాడు వరస్ట్’, ‘ఈ రోడ్డు వరస్ట్’ అని ఉత్త ‘చెడ్డ’ అనే అర్థంలో వాడేస్తున్నాం, అందుకని ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు కూడా ‘వర్స్ట్ దేన్’ అని వస్తోంది. ‘దేన్’ ముందు ‘వర్స్’ ఒక్కటే. ‘బెటర్’కీ ఇదే గతి. ‘జ్వరం తగ్గింది, ఇప్పుడు బెటర్’ అనడం ఇంగ్లిష్‌లోనూ సరైనదే, ముందుకంటే నయం అని దాని అర్థం. ‘ఈ హోటల్ చాలా బెటర్’ అని దేనితోనూ పోల్చకుండా అన్నప్పుడు మాత్రం ఇంగ్లిష్‌లో ‘వెరీ గుడ్’ అనాలి.

‘లాంగ్’ అన్నప్పుడు చివర గ విడిగా పలకదు, ‘వాఙ్మయం’లో వినిపించే ముక్కు ధ్వనితో ఆగుతుంది. ‘లాంగర్’, ‘యంగర్’, ‘స్ట్రాంగర్’ల్లో ఆ ధ్వని తర్వాత గ స్పష్టంగా పలకాలి. పాడేవాళ్ళని చెప్పే ‘సింగర్’లో గ పలకదు, ఎందుకంటే అందులోని ఇ-ఆర్ పోలికకి సంబంధించింది కాదు.

ప్రశ్న: ‘ఎంత చదివితే అంత మంచిది’ అనే వాక్యం ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? ‘హౌ మచ్ యు రీడ్, దట్ మచ్ గుడ్’ అంటే నవ్వారు.
— శృంగవరపుకోట

జవాబు: నవ్వవలసిన పని లేదు. తెలుగు వాక్యం నడక అలాగే ఉంటుంది. ఇంగ్లిష్‌లో ‘ఎంత’కీ ‘అంత’కీ బదులు రెండు చోట్లా ‘ది’ పెట్టి, దాని వెంటనే పోలిక రూపం పెడతారు: ‘ది మోర్ యు రీడ్, ది బెటర్’. పూర్తి వాక్యాలైతే రెండో సగంలోనూ కర్త, క్రియ అదే వరసలో వస్తాయి: ‘ది మోర్ యు ప్రాక్టీస్, ది ఫ్యూయర్ మిస్టేక్స్ యు మేక్’. ‘ఎంత తొందరగా వస్తే అంత మంచిది’ అంటే ‘ది సూనర్ యు కమ్, ది బెటర్’.

‘మోర్’ తీసుకునే పెద్ద విశేషణాన్ని దాన్నుంచి విడదీయకండి. ‘ది మోర్ ఎ థింగ్ ఈజ్ ఎక్స్‌పెన్సివ్’ కాదు, ‘ది మోర్ ఎక్స్‌పెన్సివ్ ఎ థింగ్ ఈజ్’. రోజురోజుకీ పెరుగుతోందని చెప్పాలంటే పోలిక రూపాన్నే రెండుసార్లు అనండి: ‘ఇట్ ఈజ్ గెటింగ్ హాటర్ అండ్ హాటర్’. మోర్ తీసుకునే మాట అయితే ‘మోర్’ని మాత్రమే రెట్టించాలి: ‘మోర్ అండ్ మోర్ ఎక్స్‌పెన్సివ్’.

ఇంకో చిన్న సంగతి: ‘సీనియర్’, ‘జూనియర్’, ‘సుపీరియర్’, ‘ఇన్‌ఫీరియర్’ లాటిన్ నుంచి పోలిక రూపాలుగానే ఇంగ్లిష్‌లోకి వచ్చాయి. వాటికి ‘మోర్’ అక్కర్లేదు, తర్వాత ‘దేన్’ కూడా రాదు, ‘టు’ వస్తుంది. ‘హీ ఈజ్ సీనియర్ టు మీ’. ‘ప్రిఫర్’ కూడా ‘టు’నే తీసుకుంటుంది: ‘ఐ ప్రిఫర్ టీ టు కాఫీ’.